బల్లను బోర్లించి చూడండి



ముందు ఒక చిన్న ప్రశ్న. ఇప్పుడు నా మాటలు వినిపిస్తున్న ఆ రేడియో దేని మీద ఉంది? ఫోనులో వింటున్నవాళ్ళను వదిలేస్తున్నాను. ఇంట్లో ఇంకా రేడియో పెట్టె ఉన్నవాళ్ళనే అడుగుతున్నాను. గూట్లో ఉందా? కిటికీలో ఉందా? లేకపోతే ఒక పాత చెక్క బల్ల మీద ఉందా?

బల్ల మీదే ఉంటే, ఒక్కసారి ఆ బల్ల వంక చూడండి. విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది 1948 డిసెంబరులో. తర్వాత మెల్లగా మన ఊళ్ళలోకి రేడియోలు వచ్చాయి. అంత డబ్బు పోసి కొన్న రేడియోను నేల మీద పెట్టరు గదా! దానికో బల్ల చేయించారు. తర్వాత రేడియో పోయి టేపురికార్డరు వచ్చింది. అదీ పోయి టీవీ వచ్చింది. టీవీ గోడెక్కింది. బల్ల మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు దాని మీద ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఇంకో ఇంట్లో అయితే వడియాలు ఆరబెట్టుకుంటున్నారు.

ఈ పూట ఆ బల్ల గురించే మాట్లాడుకుందాం. 1940ల నుంచి 1970 దాకా చేసిన చెక్క బల్లలు. వాటిని గుర్తుపట్టడం ఎట్లా, అమ్మాలన్నా కొనాలన్నా విలువ కట్టడం ఎట్లా. నేను నరసరావుపేటలో పాత చెక్క సామాను కొని అమ్ముతుంటాను. మా నాన్న వడ్రంగి. నాకు ఉలి పట్టడం రాలేదు, బేరం ఆడటం వచ్చింది. ఆ వ్యాపారంలో నేను నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పొచ్చు. బల్లను బోర్లించి చూడండి. మళ్ళీ మళ్ళీ అదే మాట చెబుతాను, విసుక్కోకండి. పైనుంచి చూస్తే బల్ల అబద్ధం చెబుతుంది. బోర్లిస్తే నిజం చెబుతుంది.

అసలు మన పల్నాడులో బల్లలెక్కడివి? బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని చెప్పుకునే సీమ మనది. చాప మీద కూర్చుని తిన్నవాళ్ళం. పీట మీద కూర్చున్నవాళ్ళం. మంచం ఉండేది, పెట్టె ఉండేది, ఉన్నవాళ్ళ ఇంట్లో బోషాణం ఉండేది. భోజనాల బల్ల మాత్రం మొన్నమొన్న వచ్చింది. మన వైపు దొరికే పాత బల్లల్లో నూటికి తొంభై తినడానికి చేసినవి కావు, రాయడానికి చేసినవి. కరణం గారి బల్ల, ప్లీడరు గారి బల్ల, బడిపంతులు గారి బల్ల, డాక్టరు గారి బల్ల. గురజాల తాలూకా కచేరీ, నరసరావుపేట కోర్టులు, మిషనరీల బడులు, 1950లో పేటలో పెట్టిన ఎస్.ఎస్.ఎన్. కాలేజీ. వీటన్నిటికీ బల్లలు కావాల్సి వచ్చాయి. ఆ తర్వాత 1955లో నాగార్జునసాగర్ పని మొదలైంది. ఇంజినీర్లు వచ్చారు, గుమస్తాలు వచ్చారు. వాళ్ళ వెనక బల్లలూ వచ్చాయి. ఆ కథ తర్వాత చెబుతాను.

ముందు ఒక బల్లను దగ్గరగా చూద్దాం.

గురజాల దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక మామ్మగారు. ఎనభై దాటాయి, చూపు మాత్రం చురుకు. వరండాలో బల్ల. దాని మీద నీళ్ళ బిందె, మందుల డబ్బా, అయిదారేళ్ళ కేలండర్లు. పాత ఇనుప సామాన్లు కొనే కుర్రాడెవరో పదిహేను వందలిస్తానన్నాడట. ఆమె మనవడు నాకు తెలిసినవాడు. ఇచ్చేముందు ఒకసారి చూసి వెళ్ళమన్నాడు. వెళ్ళాను. బిందె దింపి పక్కన పెట్టాం. నేను నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పట్టుకుని, బల్ల కిందికి దూరాను.

"ఏంది నాయనా, కారు కింద మెకానిక్కులాగా దూరావు? పైన చూడకుండా కింద ఏం చూస్తావు?" అంది మామ్మగారు.

"పైన మీరు తుడిచారు మామ్మగారూ. కింద ఎవరూ తుడవలేదు" అన్నాను.

అదే కిటుకు. పై చెక్కను అరవై ఏళ్ళలో ఎంతమంది తుడిచి ఉంటారో, ఎన్నిసార్లు రంగు వేసి ఉంటారో చెప్పలేం. కింది భాగం మాత్రం వడ్రంగి ఎట్లా వదిలాడో అట్లాగే ఉంటుంది. ఆ రోజుల్లో మేస్త్రి కనిపించే వైపే నున్నగా చిత్రిక పట్టేవాడు. కనిపించని వైపు ఎవరికి కావాలి? బాడిసతో నాలుగు దెబ్బలు వేసి వదిలేసేవాడు. చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. రంపం గీతలు ఉంటే వాటిని చూడండి. ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టి లాగిన రంపం గీతలు తిన్నగా, ఒకదానికొకటి కాస్త ఎడంగా, వంకరటింకరగా ఉంటాయి. మిషను చక్రం కోసిన గీతలు విల్లులాగా వంగి ఉంటాయి. వంపు గీతలుంటే కొత్తదని కాదు, కోత మిషన్లు అప్పటికే ఉన్నాయి. కానీ తిన్నటి గీతలు, బాడిస దెబ్బలు రెండూ కనబడితే మాత్రం నా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది.

మామ్మగారి బల్ల కింద రెండూ ఉన్నాయి.

తర్వాత రంగు. పాత చెక్క అడుగున ఒకే రంగు ఉండదు. గాలి తగిలే చోట నల్లబడుతుంది. రెండు చెక్కలు ఒకదాని మీద ఒకటి ఆనుకున్న చోట లేతగా ఉంటుంది. సొరుగు బయటికి లాగి దాని పక్కలు చూడండి. ముందువైపు ముదురుగా, లోపలికి పోయేకొద్దీ లేతగా ఉండాలి. అడుగుభాగమంతా ఒకే రంగులో, కాఫీ డికాక్షను పోసినట్టు నిగనిగలాడుతుంటే అనుమానించండి. ఎవరో పాతదనాన్ని బ్రష్షుతో పూశారన్నమాట. ఇది గుర్తుంచుకోండి. అడుగున పాలిష్ ఉన్న బల్లను రెండోసారి చూడాలి.

తర్వాత మరలు. స్క్రూలు. టార్చి వేసి మర తల మీద చూడండి. ఒక్క గీత ఉందా, ప్లస్సు గుర్తు ఉందా? ఆ కాలపు మన బల్లల్లో ఒక్క గీత మరలే ఉంటాయి. ప్లస్సు గుర్తు ఉంటే అది తర్వాత ఎవరో రిపేరు చేసినప్పుడు వేసింది. ఒకటి రెండు ఉంటే ఫరవాలేదు. అన్నీ ప్లస్సులే అయితే బల్లను విప్పి మళ్ళీ బిగించారని అర్థం. ఇంకా మంచి బల్లలకు మరలే ఉండవు. కాలికి బెజ్జం తొలిచి, అడ్డపట్టీ కొసను సన్నగా చెక్కి అందులో దూర్చి, బయటినుంచి కర్ర మేకు దిగ్గొడతారు. ఆ మేకు తల మీద వేలు పెట్టి తడమండి. పాతదైతే కాస్త పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. చుట్టూ చెక్క ఎండి కుంచించుకుపోతుంది, మేకు మాత్రం పొడవులో తగ్గదు. అందుకే తల బయటికొస్తుంది.

ఈ కుంచించుకుపోవడం గురించి ఇంకో మాట చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. చెక్క అడ్డంగా తగ్గుతుంది, నిలువుగా దాదాపు తగ్గదు. అంటే గుండ్రటి బల్ల ఏళ్ళు గడిచేకొద్దీ పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక దారం తీసుకోండి. చెక్క గీతలు పోయే దిక్కున ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవండి. అదే దారాన్ని గీతలకు అడ్డంగా పెట్టండి. పాత బల్లయితే దారం కాస్త మిగులుతుంది. పావు అంగుళమో, ఇంకాస్తో. దారం రెండు వైపులా సరిగ్గా సరిపోయిందా? అయితే అది నిన్న చేసిన బల్ల కావచ్చు, ప్లైవుడ్ కావచ్చు. దారానికి అబద్ధం చెప్పడం రాదు.

మన రెంటచింతల ఎండ సంగతి మీకు తెలుసు. రాష్ట్రంలో ఎండల మాటెత్తితే ముందు రెంటచింతల పేరే వస్తుంది. ఆ ఎండలకు అరవై వేసవులు ఆగిన బల్ల ఎంత ఎండాలో అంత ఎండిపోయింది. "మా బల్ల పగుళ్ళిచ్చిందండీ" అని బాధపడుతుంటారు కొందరు. సన్నటి పగులు తప్పు కాదు. అది వయసు. పగులు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయి బల్ల రెండుగా ఊగుతుంటే అప్పుడు ధర తగ్గించండి.

మళ్ళీ మామ్మగారి బల్ల దగ్గరికి వద్దాం. కింద నాలుగు కాళ్ళను కలుపుతూ ఒక అడ్డకర్ర ఉంది. దాని మీద ఎడమవైపు అరచెయ్యంత మేర గుంటపడి ఉంది. కుడివైపు ఏమీ లేదు. "మామ్మగారూ, ఈ బల్ల దగ్గర కూర్చున్నాయన ఎడమ కాలు దీని మీద పెట్టేవారా?" అని అడిగాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "మా మామగారు. కరణీకం రాసేవారు. రాస్తున్నంతసేపూ ఎడమ కాలు ఆడిస్తానే ఉండేవారు. ఆ చప్పుడు ఆగిందంటే లెక్క కుదిరిందని మాకు గుర్తు" అంది.

చూశారా! నిజమైన అరుగుదల అట్లా ఉంటుంది. ఒక చోట ఉంటుంది, ఒక చోట ఉండదు. మనిషి చెయ్యి ఆనిన అంచు నున్నబడుతుంది. సొరుగు పట్టుకుని లాగే చోట నల్లబడుతుంది. సిరా బుడ్డి పెట్టే మూల మరక ఉంటుంది. కావాలని పాతది చేసినవాడు నాలుగు వైపులా సమానంగా రుద్దుతాడు. ఎక్కడ ఎందుకు అరిగిందో మీకు మీరు చెప్పుకోగలిగితే అది నిజమైన అరుగుదల. చెప్పుకోలేకపోతే అనుమానించండి.

కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి. పదవి పోయింది, దస్త్రాలు పోయాయి, బల్ల మిగిలింది. ఇట్లాంటివి మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. గొడ్ల సావిడిలో ఉన్నాయి, వడ్ల గదిలో ఉన్నాయి.

ఇక చెక్క. అందరూ మొదట అడిగేది ఇదే. "టేకేనా అండీ?" టేకును పట్టుకోవడం కష్టం కాదు. కనబడని చోట, గోటితోనో చిన్న చాకుతోనో కాస్త గీకండి. లోపల బంగారు గోధుమ రంగు కనబడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకోండి. పాత తోలు చెప్పుల కొట్లోకి వెళ్ళినప్పుడు వచ్చే వాసనలాంటిది వస్తుంది. వేళ్ళకు సన్నగా జిడ్డు తగులుతుంది. ఆ జిడ్డే దాన్ని చెదల నుంచి కాపాడేది. అయితే టేకులో కూడా చేవ ఉన్న చెక్కకే ఆ బలం. చెట్టు బెరడు పక్కనుండే తెల్ల చెక్కకు ఆ బలం లేదు. పొదుపు చేయబోయి తెల్ల చెక్క కూడా కలిపి బల్ల చేస్తే, పురుగు సరిగ్గా ఆ తెల్ల చారనే తింటుంది. మనుషుల్లో చేవ ఉన్నవాడు, చేవ లేనివాడు అంటాం చూడండి, ఆ మాట వడ్రంగి పెట్టిందే అనుకుంటాను.

రోజ్‌వుడ్డును మన పెద్దవాళ్ళు జిట్టేగి అనేవారు. ముదురు ఊదా గోధుమ రంగు, మధ్యలో నల్ల చారలు. టేకు కన్నా బాగా బరువు. బల్ల ఒక కొస ఎత్తబోయి "అబ్బా" అన్నారంటే జిట్టేగో నల్లమద్దో అయి ఉంటుంది. నల్లమద్ది మన నల్లమల అడవి చెక్క. గట్టిది, కానీ బల్లగా టేకంత ధర రాదు. వేగిస, కొందరు యేగిస అంటారు, అది ఇంకోటి. ఆ చెక్కతో గ్లాసులు చేసి, నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి తాగితే షుగరుకు మంచిదని అమ్ముతుంటారు. షుగరు సంగతి డాక్టరును అడగండి. బల్ల సంగతి నేను చెబుతాను. వేగిస పొడి నీళ్ళలో వేస్తే నీళ్ళ రంగు మారుతుంది. అట్లా గుర్తుపట్టొచ్చు. మామిడి చెక్క బల్లలు కూడా వస్తుంటాయి. మామిడి చవక, పురుగుకు ఇష్టం. మామిడికి టేకు రంగు వేసి అమ్మేవాళ్ళున్నారు. గీకి చూడండి, వాసన చూడండి. రంగును నమ్మొద్దు.

పురుగు గురించి ఒక్క ముక్క. చిన్న చిన్న రంధ్రాలు కనబడగానే పారిపోవద్దు. బల్ల కింద తెల్ల కాగితం పరిచి రెండు రాత్రులు ఉంచండి. కాగితం మీద పిండిలాంటి పొడి రాలిందా, లోపల పురుగు ఇంకా పని చేస్తోంది. రాలలేదా, ఎప్పుడో తిని వెళ్ళిపోయి ఉండొచ్చు.

ఇప్పుడు కాసేపు మన ఊరు దాటి వెళ్దాం. చండీగఢ్ వెళ్దాం. దేశ విభజన తర్వాత పంజాబుకు కొత్త రాజధాని కట్టారు. ప్లాను వేసింది లె కార్బూజియే. ఆయన బంధువు పియేర్ జెనెరె 1951లో వచ్చి 1965 దాకా అక్కడే ఉన్నాడు. కొత్త ఊరు, కొత్త ఆఫీసులు. కూర్చోడానికి కుర్చీలు లేవు, రాయడానికి బల్లలు లేవు. జెనెరె బొమ్మ గీసిచ్చాడు. అక్కడి వడ్రంగులు టేకుతో చేసిపెట్టారు. చెక్కడాలు లేవు, పూలు లేవు. తిన్నటి కర్రలు, ఏటవాలు కాళ్ళు. వేలకొద్దీ చేశారు.

ముప్పై నలభై ఏళ్ళకు అవి పాతబడ్డాయి. కాళ్ళు ఊడాయి, పేము తెగింది. డాబాల మీద కుప్పగా పోశారు. పనికిరాని సామానని వేలం వేశారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన వ్యాపారులు కొనుక్కుపోయారు, బాగుచేయించారు. పారిస్‌లో, లండన్‌లో, న్యూయార్క్‌లో వేలానికి పెట్టారు. ఇక్కడ కట్టెల లెక్కన పోయినవి అక్కడ లక్షలు పలికాయి. చివరికి 2011లో కేంద్ర హోం శాఖ వాటిని అమ్మొద్దు, దేశం దాటించొద్దు అని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే చాలా వెళ్ళిపోయాయి.

ఈ కథలో నాకు కావాల్సిన ముక్క డబ్బు కాదు. ఆ కుర్చీల వెనకా, బల్లల పక్కనా తెల్ల రంగుతో అక్షరాలు ఉండేవి. ఏ శాఖది, ఎన్నో నంబరుది అని గుమస్తా రాయించిన అక్షరాలు. ఇప్పుడు కొనేవాళ్ళు ముందు ఆ అక్షరాల కోసమే చూస్తారు. అవి ఉంటే అసలుదని నమ్మకం. దొంగ చండీగఢ్ కుర్చీలు చేసేవాళ్ళు కూడా ఆ అక్షరాలు వేసుకుంటున్నారంటే, వాటికెంత విలువో చూడండి!

ఇప్పుడు మన సాగరు బల్ల కథ.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ పన్నెండేళ్ళలో మాచర్ల వైపు, విజయపురి సౌత్ వైపు ఎన్ని ఆఫీసులు, ఎన్ని క్వార్టర్లు! ప్లాన్లు పరచుకోవడానికి పెద్ద బల్లలు కావాలి. జీతాల బట్వాడాకు సొరుగుల బల్లలు కావాలి. తర్వాత స్టీలు బల్లలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. చెక్కవి వేలంలో పోయాయి.

కొన్నేళ్ళ కిందట మాచర్లలో ఒక టీ కొట్టు వెనక అట్లాంటి బల్ల కనబడింది. పెద్దది, ఆరడుగుల పొడవు. పై చెక్క మూడే పలకలు. ఇప్పుడు అంత వెడల్పు టేకు పలకలు కావాలంటే టింబరు డిపోవాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. ఈ రోజుల్లో రెండు మూడంగుళాల ముక్కలు అతికి పలక చేస్తున్నారు. అందుకే పై చెక్క ఎన్ని పలకలో లెక్కపెట్టండి. తక్కువ పలకలుంటే ఎక్కువ విలువ. సరే, ఆ బల్లను ఇద్దరం కలిసి బోర్లించాం. అడ్డపట్టీ మీద తెల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాలు. ఎన్నెస్పీ, అంటే నాగార్జునసాగర్ ప్రాజెక్టు. పక్కన ఒక నంబరు.

అక్షరాలు కనబడగానే సంబరపడలేదు నేను. అప్పటికి చండీగఢ్ కథ తెలుసు నాకు. గోళ్ళు కొరుక్కుంటూ ఆ అక్షరాల మీద గీతలు చూశాను. ఇది వినండి, జాగ్రత్తగా వినండి. గీత అక్షరాన్ని కోసుకుంటూ పోయిందా, అంటే అక్షరం ముందు, దెబ్బ తర్వాత. ఆ రంగు పాతదే. గీత గుంటలోకి రంగు దిగి ఉందా, అంటే దెబ్బ ముందు, అక్షరం తర్వాత. ఎవరో పాత బల్ల మీద ఈమధ్య రాసి ఉండొచ్చన్నమాట. మాచర్ల బల్ల మీద గీతలు అక్షరాలను కోసుకుంటూ పోయాయి. కాబట్టి ఆ బల్ల సాగరు ఆఫీసులో చాకిరీ చేసిందే. 1955కు ముందుది అయ్యే అవకాశమూ ఉంది, వేరే ఆఫీసు నుంచి వచ్చి ఉండొచ్చు. కానీ సాగరు పనిలో ఉందన్నది మాత్రం ఖాయం.

టీ కొట్టాయనకు దాన్ని వేలంలో కొన్న రసీదు కూడా ఉంది. వాళ్ళ నాన్న పేరు మీద. రసీదు చూడగానే నేను ధర పెంచాను. కొనేవాడు ధర పెంచడమేమిటి అని నవ్వకండి. సర్కారు అక్షరాలున్న బల్ల ఇంట్లో ఉంటే రేపెవరైనా "ఇది ఎక్కడిది?" అని అడగొచ్చు. ఆ రసీదు బల్లకు జన్మపత్రిక లాంటిది. దాన్ని బల్లతో పాటే ఇవ్వండి, బల్లతో పాటే తీసుకోండి.

మరి ధర ఎట్లా కట్టాలి?

నేను అడుగు నుంచి మొదలుపెడతాను. ముందు చెక్క విలువ. బల్లను విరగ్గొట్టి చెక్కగా అమ్మితే ఎంత వస్తుంది? అంతకన్నా తక్కువకు ఎవరడిగినా ఇవ్వొద్దు. లెక్క సులువు. అంగుళం మందం పలక పన్నెండు చదరపుటడుగులుంటే ఒక ఘనపుటడుగు. మామ్మగారి బల్ల అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పై చెక్క పదిహేను చదరపుటడుగులు. అంటే ఒకటింబావు ఘనపుటడుగు. కాళ్ళు, పట్టీలు కలిపి ఇంకో అడుగు. మొత్తం రెండుంబావు. మీ ఊరి టింబరు డిపోలో ఆ రోజు రేటు అడగండి. అడుగు మూడు వేలు అనుకుందాం, లెక్క కోసమే. ఆరు వేల ఏడు వందల యాభై. ఇనుప సామాన్ల కుర్రాడు అడిగింది ఎంత? పదిహేను వందలు. చూశారా తేడా!

చెక్క విలువ మీద పనితనం విలువ. సొరుగు ముందు చెక్కా పక్క చెక్కా రెండు చేతుల వేళ్ళు అల్లుకున్నట్టు కలిశాయా? ఆ వేళ్ళు అన్నీ ఒకే కొలతలో లేకుండా కాస్త అటూ ఇటూ ఉన్నాయా? అది చేతిపని. కాళ్ళు చూడండి. తరిమెన పట్టిన కాళ్ళు, అంటే బొద్దుగా గుండ్రాలు గుండ్రాలుగా ఉన్నవి, పాత పద్ధతి. కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ, కాస్త బయటికి వాలిన తిన్నటి కాళ్ళు 1950, 60ల పద్ధతి. మనవాళ్ళు ఈ రెండోదాన్ని తీసిపారేస్తుంటారు, "పనితనం లేదండీ" అని. పట్నంలో ఇప్పుడు అడిగేది దాన్నే. చిన్న ఫ్లాట్లలో ఆ సన్న కాళ్ళ బల్ల చోటు మింగనట్టు కనబడుతుంది. అట్లాగే చిన్న బల్ల తొందరగా అమ్ముడుపోతుంది. ఆరడుగుల బల్ల గొప్పదే, కానీ లిఫ్టులో పట్టదు. మాచర్ల బల్ల నా కొట్లో ఏడు నెలలుంది.

సొరుగు మారిందా, కాళ్ళు కోశారా, పైన సన్‌మైకా అంటించారా, ఒక్కోదానికి ధర తగ్గించుకుంటూ రండి. సన్‌మైకా అంటించిన బల్లను మాత్రం తొందరపడి వదలకండి. కింద టేకు ఉందేమో బోర్లించి చూడండి.

ఫోనులో చూసి "ఇదే బల్ల యాభై వేలని పెట్టారండీ" అంటారు కొందరు. పెట్టింది యాభై వేలు. ఎవరైనా కొన్నారా? అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఆ ప్రకటన ఆరు నెలలుగా అక్కడే ఉంటే, అది ఎవరూ ఇవ్వని ధర. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో ఒక గురువారం తిరగండి. వీలైతే కారైకుడి వెళ్ళిరండి, చెట్టియార్ల ఇళ్ళ బర్మా టేకు సామాను అక్కడి కొట్లలో ఉంటుంది. చేతులు మారే ధర అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెబుతాను. మొదట్లో ఒక ప్లీడరు గారి బల్ల కొన్నాను. మంచి టేకు. మీద సిరా మరకలు, అంచున ఎవరో చాకుతో చెక్కుకున్న పొడి అక్షరాలు, వేడి కాఫీ గ్లాసు పెట్టిన తెల్లటి వలయాలు. నాకు అసహ్యమనిపించింది. బాగుచేయమని పిలిపిస్తే ఒకాయన మిషను తెచ్చి పైనంతా అరగదీశాడు. లప్పం పెట్టాడు, అద్దంలా మెరిసే రంగు కొట్టాడు. కొనడానికి వచ్చినాయన ఒక్కసారి చూసి, "కొత్త బల్లకు ఇంత ధరెందుకండీ?" అన్నాడు. డెబ్భై ఏళ్ళను నేను ఒక్క పూటలో గీకేశాను. ఆ తెల్ల వలయాలే దాని మీద అసలు లక్క పాలిష్ ఉందని సాక్ష్యం. చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ముద్దతో పొర మీద పొర రుద్దేవాళ్ళు అప్పట్లో. దానికి వేడి పడదు, తెల్లబడుతుంది. ఇప్పటి రంగుల్లో చాలావాటికి అట్లా కాదు. ఆ పాలిష్ మీకు దొరికితే దుమ్ము తుడవండి, కాస్త తేనెమైనం రాయండి. అంతే. గరుకు కాగితం దగ్గరికి రానివ్వొద్దు. అక్షరాలను అసలే గీకొద్దు.

చట్టం సంగతి కూడా ఒక మాట. "పాత వస్తువు అమ్మితే కేసవుతుందా?" అని భయపడతారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు అంటే కనీసం నూరేళ్ళదై ఉండాలి. 1950ల బల్ల దాని కిందికి రాదు. అమ్ముకోండి. అమెరికాలో ఉన్న అబ్బాయికి జిట్టేగి బల్ల పంపాలంటే మాత్రం ఆగండి. 2017 నుంచి ఆ జాతి చెక్క దేశం దాటాలంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాగితాలు కావాలి. టేకుకు ఆ చిక్కు లేదు.

మామ్మగారి బల్లకు నేను పద్నాలుగు వేలిస్తానన్నాను. అమ్మితే నాకు మిగిలేదెంతో కూడా చెప్పాను. ఆమె సొరుగు లాగింది. లోపల సిరా మరకలున్న అద్దుడు కాగితం ముక్క, రెండు పాత పాళీలు, ఒక గుండీ. వాటిని ఒక్కొక్కటే తీసి చూసి, మళ్ళీ సొరుగులోనే పెట్టింది. "మా వాణ్ణి అడిగి చెబుతాలే నాయనా" అంది. బిందె నేనే ఎత్తి మళ్ళీ బల్ల మీద పెట్టి వచ్చాను.

పోయిన వారం ఆమె ఫోను చేసింది.

"ఆ ఇనుప సామాన్ల కుర్రాడు మళ్ళా వచ్చాడు. ఈసారి నాలుగు వేలంటున్నాడు."

"మీరేమన్నారు మామ్మగారూ?"

"ముందు బోర్లించి చూడరా అన్నా. ఒక కొస ఎత్తాడు, దించాడు. పొయ్యాడు."